పత్రికకు పంపిన మా ఊరు

మన విద్యార్థి సంఘం కార్యదర్శిగారు హాస్టలు మెస్సు దగ్గర నన్ను ఆపి, "సావనీరుకు ఏదన్న రాసియ్యవోయ్, సైన్సోళ్ల నుంచి ఒక్కటి గూడ రాలె" అన్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. ఈ ఏడాదంతా నేను కూర్చుని వ్రాసింది ఒకే ఒక్క వ్యాసం. అది రెండు పత్రికలకు వెళ్లి, రెండు చోట్ల నుంచీ రెండు రకాలుగా తిరిగివచ్చింది. అచ్చుకాని వ్యాసం గురించి అచ్చులో వ్రాయడం విడ్డూరమే. అయినా నాకు తెలిసిన సంగతి అదే కనుక, అదే వ్రాస్తున్నాను. అధ్యాపకులు, మిత్రులు మన్నించాలి.

ముందు మా సంగతి చెబుతాను. మాది జగిత్యాల దిక్కు ఒక పల్లె. మాకు మూడెకరాల భూమి. పసుపు, మక్క, నీళ్లుంటే వరి. కాలువ మా పొలాలకంటె పల్లంలో పోతుంది, అందుచేత మాకు బోరే దిక్కు. హాస్టల్లో నా గది స్నేహితుడు ఆదిలాబాదు వాడు, ఉట్నూరు అవతల ఒక గోండు గూడెం నుంచి వచ్చాడు. ఇద్దరిదీ బి.యస్సీ. ఒకే బెంచీ.

మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయినప్పుడు మా ఎన్.ఎస్.ఎస్. సార్ మమ్మల్ని పిలిచి, "క్యాంపంటే రోడ్లు ఊడ్చి ఫొటోలు దిగుడు కాదు. ఈ సెలవుల్ల ఏదన్న ఒక్క సంగతి తెలుసుకొని రాండ్రి" అన్నారు. మేం బోర్ల సంగతి ఎంచుకొన్నాం. మే నెల ఎండల్లో ఇద్దరం మా ఊళ్లో యాభై ఎనిమిది రైతు ఇళ్లు తిరిగాం. ఎన్ని బోర్లు ఉన్నాయి, ఎన్ని ఎకరాలు పారుతాయి, ఏడాదికి ఎన్ని పంటలు - ఇవీ మా ప్రశ్నలు. వాటితో పట్టికలు కట్టి, ఇంగ్లీషులో పదకొండు పేజీల వ్యాసం తయారుచేశాం. సార్ దాన్ని చదివి, "ఇది సమాజ వికాసం మీద వచ్చే పత్రికలకు పంపదగిన విషయమే. పంపి చూడండి" అన్నారు.

అటువంటి పత్రికలు ఉంటాయనే మాకు అంతవరకు తెలియదు. లైబ్రరీలో కూర్చుని వెదికితే చాలా చరిత్ర బయటపడింది. 1952 అక్టోబరు 2న దేశంలో 55 కమ్యూనిటీ ప్రాజెక్టులు మొదలైనాయి. బ్లాకులు, బి.డి.ఓ.లు, గ్రామసేవకులు అన్నీ అప్పటి నుంచి వచ్చినవే. మా తాత ఇప్పటికీ మండలాఫీసును 'సమితి ఆఫీసు' అనే అంటాడు. ఆ పథకం గురించి చదివేందుకు, శిక్షణ ఇచ్చేందుకు 1958లో ముస్సోరీలో ఒక కేంద్ర సంస్థ పెట్టారు. అదే తర్వాత హైదరాబాదు రాజేంద్రనగర్‌కు వచ్చింది. 1967లో ఆ సంస్థ మొదలుపెట్టిన పత్రిక పేరులో 'కమ్యూనిటీ డెవలప్‌మెంట్' అనే మాట ఉండేది. 1977లో సంస్థ పేరు జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ అయింది. 1982 నుంచి 'జర్నల్ ఆఫ్ రూరల్ డెవలప్‌మెంట్' వస్తోంది. ఇంగ్లండు నుంచి 'కమ్యూనిటీ డెవలప్‌మెంట్ జర్నల్' 1966 నుంచి వస్తోంది. ఎస్.సి. దూబే గారు హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేట మీద చేసిన పరిశోధన 1955లో పుస్తకంగా వచ్చి, ప్రపంచమంతా చదివింది. అంటే పల్లెల గురించి వ్రాసే రాజ్యం ఒకటి మా పల్లెకు వంద మైళ్లు కొద్దో గొప్పో దూరంలోనే ఇన్నేళ్లుగా నడుస్తోంది, మా పల్లెకు మాత్రం ఆ కబురు లేదు!

మేం తొందరపడ్డాం. సార్‌ను మళ్లీ అడగకుండా, ఫోనులో కనబడ్డ ఒక పత్రికకు జులైలో ఒక సోమవారం రాత్రి వ్యాసం పంపించాం. దాని పేరులో 'అంతర్జాతీయ' అని ఉంది. మంగళవారం పొద్దున టిఫిన్ వేళకే జవాబు వచ్చింది. మీ పరిశోధన అమూల్యమైనది, స్వీకరించాం, 2,800 రూపాయలు కట్టండి, ఈ నెల సంచికలోనే వేస్తాం, సర్టిఫికెట్టు కూడా పంపుతాం అన్నారు. మేం గదిలో ఎగిరి గంతేశాం. బాపుకు ఫోన్ చేశాను. అవి నాట్లు పడే రోజులు.

"యూరియాకు పెట్టిన పైసలున్నయ్ బిడ్డా. నీ పేరు అచ్చుల వస్తదంటె అవే పంపిస్త. యూరియా ఉద్దెర తెచ్చుకుంట" అన్నాడు బాపు.

ఆ మాట వినగానే ఎందుకో సంతోషం సగమైంది. మరునాడు సార్ దగ్గరికి పోయి చూపించాం. ఆయన మందలించలేదు. "పదకొండు పేజీలు రాసిండ్రు. వాళ్లు మిమ్మల్ని ఒక్క ప్రశ్నన్న అడిగిండ్రా?" అన్నారు. లేదన్నాం. "అడగలేదంటే చదవలేదన్నట్టే గదా."

ఇటువంటి పత్రికలకు అమెరికాలో జెఫ్రీ బీల్ అనే లైబ్రేరియన్ 2010లో 'వేటాడే పత్రికలు' అని పేరు పెట్టాడని సార్ చెప్పారు. ఆయన వాటి జాబితా ఒకటి నడిపి, 2017లో ఆపేశాడు. మన యు.జి.సి. కూడా 2019లో నమ్మదగిన పత్రికల జాబితా ఒకటి పెట్టి, 2025లో దాన్ని ఎత్తివేసింది. ఇప్పుడు ఏది మంచి పత్రికో, ఏది దుకాణమో ఎవరి కళ్లతో వారే చూసుకోవాలి. సంపాదకవర్గంలో నిజమైన మనుషులున్నారా, పాత సంచికలు చదవడానికి దొరుకుతాయా, డబ్బు సంగతి ముందే చెబుతారా, పరిశీలకులకు పంపుతారా - ఈ నాలుగు చూడమన్నారు. మేం ఆ పత్రికకు వ్యాసాన్ని వెనక్కి తీసుకొంటున్నామని వ్రాశాం. బాపు యూరియా నగదుకే తెచ్చుకొన్నాడు.

రెండోసారి సార్ చెప్పిన పత్రికకు పంపాం. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ పంపడమే ఒక పరీక్ష. వ్యాసం మీద మా పేర్లు ఉండకూడదు, పేర్లు వేరే కాగితం మీద ఉండాలి. ఎందుకంటే చదివే పరిశీలకులకు మేమెవరమో తెలియకూడదు, వాళ్లెవరో మాకూ తెలియకూడదు. మొదట సారాంశం వ్రాయాలి. ఇదే వ్యాసం ఇంకెక్కడా పరిశీలనలో లేదని సంతకం చెయ్యాలి. ఎవరి వాక్యమైనా తీసుకొంటే వాళ్ల పేరు చెప్పాలి. ఒక రైతు కొడుకుగా నాకు ఇది మార్కెట్ యార్డులో పసుపు కొమ్ము విరిచి చూసినట్టే అనిపించింది. కుప్ప ఎవరిదైనా విరిచి చూడాల్సిందే.

ఆగస్టులో పంపితే జనవరి మొదటి వారంలో జవాబు వచ్చింది. 'ప్రస్తుత రూపంలో ప్రచురించలేము' అని ఒక వాక్యం, దాని కింద ఇద్దరు పరిశీలకుల వ్యాఖ్యలు మూడు పేజీలు. మేం ఆ రాత్రి భోజనానికి పోలేదు. నా స్నేహితుడు ఊరుకోక వ్యాఖ్యలన్నీ మళ్లీ పైకి చదివాడు. అందులో రెండు ప్రశ్నలు మమ్మల్ని వదలలేదు. మొదటిది: గట్టి రాయి ఉన్న ప్రాంతంలో వేసిన ప్రతి బోరులో నీళ్లు పడవు గదా, మీ పట్టికలో విఫలమైన బోర్లు ఎక్కడ? రెండోది: మీరు సేకరించిన వివరాలను, ఇచ్చినవారికి తిరిగి చూపించారా?

మొదటి ప్రశ్నకు నేను తల దించుకొన్నాను. సైన్సు విద్యార్థిని. మన తెలంగాణ నేల కింద చాలాచోట్ల గ్రానైటు, నీసు వంటి గట్టి రాళ్లున్నాయనీ, నీళ్లు ఆ రాళ్ల పగుళ్లలోనే ఉంటాయనీ, పగులు తగలకపోతే పక్క బోరు పారుతున్నా మన బోరులో దుబ్బ లేస్తుందనీ నాకు తెలుసు. తెలిసీ అడగలేదు.

ఆ వారంలోనే జనవరి 11 వచ్చింది. నా స్నేహితుడు, "మనసు బాగలేనప్పుడు ఈడ కూసుండి ఏం చేస్తవ్, మార్లవాయి పోదాం పా" అని తీసుకొనిపోయాడు. కరీంనగర్ నుంచి బస్సులు మారుతూ ఉట్నూరు మీదుగా పోయాం. జోడేఘాట్‌లో 1940లో కొమురం భీం ప్రాణాలర్పించిన తర్వాత, గోండుల బాధలేమిటో తెలుసుకొమ్మని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి ఆదిలాబాదు అడవులకు పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో కాపురమున్నారు. భూములు ఎట్లా పోతున్నాయో సర్కారుకు వ్రాశారు. ఆ వ్రాతల వల్ల కొందరికి పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది, గోండి భాషలో వాచకాలు వచ్చాయి. బెట్టీ గారు 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో ఆయన పోయిన తర్వాత, 2012లో ఆయన అస్థికలు కూడా అక్కడికే తెచ్చారు. ఏటా జనవరి 11న బెట్టీ గారి వర్ధంతికి జనం వస్తారు. మేమూ ఆ జనంలో నిలబడ్డాం.

రాత్రి నా స్నేహితుని గూడెంలో పడుకొన్నాం. వాళ్ల తాత గోండిలో చెబుతుంటే వాడు నాకు తెలుగులో చెప్పాడు. "మా మీద రాసిన పుస్తకాలు శానున్నయంట. ఆయన రాస్తే భూమి వచ్చింది, బడి వచ్చింది, అందుకే దండం పెడుతున్నం. ఆయన తర్వాత గూడ మస్తుమంది కాయితాలు పట్టుకొని వచ్చిండ్రు. మేం చెప్పినం, వాళ్లు రాసుకున్నరు, పోయిండ్రు. ఏం రాసుకున్నరో మాకెవ్వరు చెప్పలే." ఇది చెబుతున్నప్పుడు తాత గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ గుచ్చుకొంది. మే నెలలో మా ఊళ్లో మేమిద్దరం చేసింది కూడా అదే గదా!

అక్కడి నుంచి సంక్రాంతికి నేరుగా ఇంటికి పోయాను. భోగి నాటి సాయంత్రం బాపు మోటరు దగ్గర గడ్డి కోస్తున్నాడు. నేను పోయి గట్టు మీద కూర్చుని అడిగాను.

"బాపూ, మనం మొత్తం ఎన్ని బోర్లు ఏసినం?"

బాపు కొడవలి ఆపలేదు. "రెండున్నయ్ గదా."

"ఉన్నయి కాదు బాపూ, ఏసినయి."

కొంచెంసేపు గడ్డి కోసిన చప్పుడే వినబడింది. తర్వాత లేచి నిలబడి కొడవలితోనే చూపించాడు. "అగో, ఆ యాపచెట్టు కాడ ఒకటి. అది నువ్వు పుట్టకముందు. ఈ మూలకొకటి, కొబ్బరికాయ పట్టేటాయన పాయింటు పెట్టిండు. ఆ బండ పక్కన ఇంకొకటి. మూడిట్ల దుబ్బ లేసింది. మొత్తం అయిదు."

"మరి మే నెలల అడిగినప్పుడు రెండే అన్నవ్?"

"నువ్వు ఎన్నున్నయ్ అని అడిగినవ్, ఉన్నయి చెప్పిన. పోయినయి అడుగలే గదా కొడుకా" అన్నాడు. మళ్లీ తనే, మెల్లగా, "అడిగినా చెప్పకపోదును. నీ పక్కన నీ దోస్తున్నడు. మూడు బోర్లు పోగొట్టుకున్నడు వీని బాపు అని ఆ పిలగాని ముంగట ఎట్ల చెప్పాలె?" అన్నాడు.

ఇంటికి వచ్చాక అవ్వ పొయ్యి దగ్గరి నుంచే అంది: "ఆ మూడో బోరుకు నా బంగారు గుండ్లు పోయినయ్. అది గూడ రాసుకో నీ కాయితంల."

ఇరవై ఏళ్లు ఆ ఇంట్లో ఉన్నాను. ఆ చెట్టు కింద, ఆ బండ పక్కన ఆడుకొన్నాను. తమ్ముడు, నేను రాళ్లు వేసి చప్పుడు విన్న గొట్టం మూసిన బోరని తెలుసు, మా బోరని తెలియదు. అవ్వ మెడలో గుండ్లు ఎప్పుడు లేకుండా పోయాయో గమనించలేదు. వ్యాసంలో మాత్రం, 'ఈ గ్రామానికి చెందినవాడు కనుక పరిశోధకునికి క్షేత్రం పట్ల సన్నిహిత పరిచయం ఉంది' అని గర్వంగా వ్రాసుకొన్నాను. మా బాపు ఇంటి గడిలోనే తప్పు లెక్క పడింది. మిగతా యాభై ఏడు ఇళ్ల సంగతి చెప్పాలా?

పండగ తర్వాత స్నేహితుణ్ణి పిలిపించుకొన్నాను. ఈసారి 'ఎన్ని బోర్లు ఉన్నాయి' అని కాక, 'ఎన్ని వేసినారు, ఎన్నిట్ల నీళ్లు పడ్డయి, పైసలు ఎక్కడి నుంచి తెచ్చినారు' అని అడిగాం. ముందు మేమే మా ఇంటి అయిదు బోర్ల సంగతి చెప్పి, తర్వాత అడిగాం. అప్పుడు నోళ్లు విచ్చుకొన్నాయి. కొత్త బోరుకు అనుమతి ఉండాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతుంది కాబట్టి, కాగితం చూస్తేనే భయమేసిందని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన, మీరు లోన్ ఇప్పించేవాళ్లనుకొని నీళ్లున్న బోర్లు తక్కువ చేసి చెప్పిన అన్నాడు. కొత్త పట్టికలో ఎండిన బోర్ల గడి నీళ్లున్న బోర్ల గడికంటె పెద్దదైంది. మే నెల వ్యాసంలో మేం వ్రాసిన 'బోర్ల వల్ల ఆదాయం పెరిగింది' అన్న వాక్యం ఆ గడి ముందు నిలవలేదు. కొట్టివేశాం.

రెండో ప్రశ్న మిగిలింది. సర్పంచును అడిగి, ఒక ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు చెట్టు కింద వ్యాసాన్ని తెలుగులో చదివాం. పేర్లు తీసేసి ఇళ్లకు అంకెలు వేశాం. ఇదేమీ మేం కనిపెట్టిన పద్ధతి కాదు. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టి, మస్టర్లు ఊరి ముందర చదివారు. 'ఆ దినం నేను పనికే పోలె' అని కూలీలే లేచి చెప్పారు. మన పాత కరీంనగర్ జిల్లాలోనే 1956లో పుట్టిన ముల్కనూరు సహకార సంఘం ఉంది. ఏ సహకార సంఘమైనా లెక్కలను సభ్యుల ముందు పెట్టాల్సిందే. పైసల లెక్కకు ఉన్న ఈ మర్యాద మనుషుల లెక్కకు మాత్రం ఎందుకు ఉండగూడదు?

చదువుతుంటే మధ్యలోనే ఒకాయన, "నాయి మూడు గాదు, నాలుగు" అన్నాడు. దిద్దుకొన్నాం. వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె, "బోరు ఫెయిలైతె భూమి పడావు పడుతదని రాసిండ్రు. ఆ ఏడు మేం బీడీలు ఎక్కువ చేసి ఇల్లు ఎల్లదీసినం. అది యాడ రాసిండ్రు?" అంది. మా పదకొండు పేజీల్లో బీడీ అన్న మాటే లేదు. మా ఊళ్లో మాత్రం ప్రతి అరుగు మీదా బీడీల చాట ఉంటుంది. అదొక కొత్త అధ్యాయమైంది. చివర్లో, ఒకటో నంబరు ఇల్లు ఎవరిదని ఎవరో అడిగారు. చెప్పకూడదని మేం అనేలోపల బాపు లేచి, "నాదే. అయిదేసిన, మూడు పోయినయ్" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పక్కాయన బీడీ ఇచ్చాడు, బాపు కూర్చున్నాడు.

వ్యాసం ఇప్పుడు పదహారు పేజీలైంది. పరిశీలకుల ప్రతి వ్యాఖ్యకూ జవాబు వ్రాసి, మార్చిలో మళ్లీ పంపాం. ఈ సావనీరు ప్రెస్సుకు పోయే నాటికి జవాబు రాలేదు. వేస్తారో వేయరో మాకు తెలియదు. వేయకపోతే ఏం తప్పుందో చూసుకొని ఇంకొక చోటికి పంపుతాం. పేరు తెలియని ఆ ఇద్దరు పరిశీలకులకు మాత్రం మేం రుణపడి ఉన్నాం. వాళ్లు ఒప్పుకొని ఉంటే మా ఊరి గురించి ఒక అబద్ధం ఎప్పటికీ అచ్చులో ఉండిపోయేది, దాని మీద నా పేరుండేది.

చివరిగా మిత్రులకు ఒక మాట, అధ్యాపకులకు ఒక మనవి. మనలో చాలామందిమి పల్లెల నుంచే వచ్చాం. సర్వే కాగితం పట్టుకొని పోయినప్పుడు ఉన్నవాటినే కాదు, పోయినవాటినీ అడగండి. మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి. మన విభాగాల్లో ఏటా ఇన్ని ప్రాజెక్టు రిపోర్టులు బైండు చేసి బీరువాల్లో పెడుతున్నాం. ప్రతి రిపోర్టుకూ తెలుగులో రెండు పేజీలు వ్రాయించి, ఆ ఊరి పంచాయతీకి పంపే పద్ధతి పెడితే బాగుంటుందని వినయంగా కోరుతున్నాను. తపాలా ఖర్చు తప్ప మరేమీ కాదు.

మా వ్యాసం తెలుగు నకలు మా ఊరి పంచాయతీలో ఒకటుంది, నా స్నేహితుని గూడెంలో ఒకటుంది. మూడోది బాపు అడిగి తీసుకొన్నాడు. చదవడం అంతగా రాదు. భూమి పాసుబుక్కు పెట్టుకొనే రేకు పెట్టెలో, పాసుబుక్కు కిందనే దాన్ని పెట్టుకొన్నాడు.